గింజల అర్ర తలుపు

"ఇంత ఉడుకవోతల ఫ్యాను బంద్ చేసుకొని కూసుంటరా ఎవరన్న?" అంటూ రాఘవేందర్ లోపలికి రావడం, గోడ మీద స్విచ్ నొక్కడం రెండూ ఒక్కసారే జరిగాయి. వద్దు వద్దని సుహాసిని చెయ్యెత్తేలోపే ఫ్యాను గిర్రున తిరిగింది. బల్ల మీద మూత తీసి పెట్టిన చిన్న డబ్బీలోంచి బంగారు రంగు పొడి పొగలా లేచింది. కొంత కేకు మీద, కొంత ఆమె కనుబొమల మీద, మిగిలిందంతా వెనక ఉన్న పచ్చ తలుపు మీద వాలింది. మొగుడుగారు చూసి నవ్వారు. "మంచిగనే ఉంది గద, దీపావళి లెక్క," అన్నారు. బండి తాళంచెవి ఎక్కడ పెట్టావని అడగడానికి వచ్చాడట. అది ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆ సంగతి కూడా సుహాసినే చెప్పాల్సి వచ్చింది. ఫ్యాను అలాగే వదిలేసి ఎరువుల దుకాణానికి వెళ్ళిపోయాడు.

ఆమె ఫ్యాను ఆపి, కాసేపు ఊపిరి బిగబట్టుకుని నిలబడింది. ఆ పొడితో పని చేసేటప్పుడు ఊపిరి కూడా చూసి వదలాలి, అంత తేలిక. కేకుల మీద, లడ్డూల మీద, బాదుషాల మీద మెత్తటి కుంచెతో అద్దే తినే మెరుపు అది. మొదట్లో బిజినేపల్లిలో జనం నోళ్ళు నొక్కుకున్నారు. "చమ్కీ తింటరా ఎవరన్న?" అన్నారు. ఇప్పుడు ఓణీల ఫంక్షన్ అయినా, పుట్టినరోజైనా ఆ మెరుపు లేకపోతే కేకు కోయడానికే ముఖం చిట్లిస్తున్నారు. తడి వేలితో రుద్దితే తినే పొడి కరిగిపోతుంది, బొమ్మలకు వేసే ప్లాస్టిక్ పొడి ఇసుకలా గరగరలాడుతుంది. ఒకసారి రాఘవేందర్ హైదరాబాద్ నుంచి ఆ బొమ్మల పొడి పెద్ద ప్యాకెట్ పట్టుకొచ్చాడు. "ఇది గూడ మెరుస్తది గద, పిల్లలకేం తెలుస్తది?" అన్నాడు. సుహాసిని దాన్ని తీసుకెళ్ళి చెత్తబండిలో వేసింది. దానికాయన నాలుగు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఆ నాలుగు రోజులూ కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో వర్షతో చెప్పించాడు. వర్ష వాళ్ళ ఏడేళ్ళ కూతురు.

ఆ గది ఒకప్పుడు గింజల అర్ర. కిటికీ లేదు, పైన చెయ్యి పట్టేంత గాలికంత ఒకటుంది. తలుపుకు బయట గొళ్ళెమే తప్ప లోపల గడియ లేదు. గింజలకు లోపలి గడియ దేనికి? రెండేళ్ళ క్రితం అర్ర ఖాళీ అయినప్పుడు సుహాసిని మూడు రోజులు సబ్బునీళ్ళతో గోడలూ తలుపూ రుద్ది, ఫ్రిజ్జు, బల్ల, ఒవెన్ చేర్చుకుంది. "మా ఆమెకు నేనే అర్ర ఇచ్చిన, టైంపాస్ అయితదని," అని రాఘవేందర్ వచ్చినవాళ్ళకల్లా చెబుతాడు. ఆమె ఆ టైంపాస్ మొదలుపెట్టేసరికి తెల్లవారి లేచి చేసిన ఇంటిపని అంతా ఒక దఫా అయిపోయి ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ మొదలవుతుంది. చుట్టాల ఇళ్ళ కేకులన్నీ ఆయన మాట ఇచ్చి వచ్చేవే. "మనోళ్ళకు చేసుడు గూడ పనేనా?" అనేది ఆయన ఎప్పుడూ అడిగే ప్రశ్న. మనోళ్ళకు చేసిన కేకు తనంతట తను ఒవెన్‌లోకి నడిచి వెళ్ళి కూర్చుంటుందని ఆయన నమ్మకం కాబోలు.

అందుకే ఆ గురువారం కోసం సుహాసిని పదకొండు రోజులుగా రోజులు లెక్కపెడుతోంది. వనపర్తిలో ఎస్తేరమ్మ అని ఒకామె ఆడపిల్లలకు కుట్టుపని, పూలపని నేర్పే కేంద్రం నడుపుతుంది. సుహాసిని చేసిన కేకు ఎవరింట్లోనో తిని, నంబరు కనుక్కుని ఫోన్ చేసింది. "వారానికి మూడు రోజులు వచ్చి మా పిల్లలకు నేర్పు తల్లీ. నీ పేరు బోర్డు మీద రాయిస్త," అంది. బోర్డు ఫోటో కూడా పంపింది. సుహాసిని మేడం, గురువారం, పది గంటలు. మొదటి రోజు రాకపోతే పిల్లలు వేరే క్లాసుకు పోతారని కూడా చెప్పింది. రాఘవేందర్‌కు చెబితే "చూద్దాం" అన్నాడు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో బి.ఎడ్. సీటు వచ్చినప్పుడూ ఆయన వద్దనలేదు, చూద్దామన్నాడు. చూస్తుండగానే ఆఖరు తేదీ వెళ్ళిపోయింది. ఇప్పుడు బుధవారం పగలు పదకొండైంది.

కేకు మీద పడ్డ పొడిని సరిచేసి ఫ్రిజ్జులో పెట్టాక, తలుపు తుడుద్దామని పెద్ద కుంచె తీసుకుంది. ఆ పొడి ఖరీదైనది, నేల మీద కాగితం పరిచి పైనుంచి కిందికి మెల్లగా దులపసాగింది. పచ్చరంగు మీది నుంచి బంగారం జారి కాగితం మీద పడుతోంది. ఒక్కచోట మాత్రం జారలేదు. మళ్ళీ దులిపింది. అక్కడ ఐదు గీతలు నిలిచాయి. కుంచె ఇంకో రెండుసార్లు ఆడేసరికి ఆ గీతలు వేళ్ళయ్యాయి. వేళ్ళ కింద అరచెయ్యి తేలింది.

తన చెయ్యే అనుకుంది మొదట. పక్కన దులిపింది. ఇంకో చెయ్యి. దాని కింద ఇంకొకటి. వేలిముద్రల సన్నగీతలతో సహా, అరచేతిలోని మడతలతో సహా, ఎవరో ఇప్పుడే బంగారంలో చేతులు ముంచి తలుపుకు ఆనించినట్టు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. కుంచె ఆపితే బాగుండుననుకుంటూనే ఆపలేకపోయింది. ఆమె కళ్ళ ఎత్తున ఉన్నవి నిండు అరచేతులు. ఛాతీ ఎత్తున ఉన్నవి పిడికిళ్ళ అంచులు. నడుము కిందికి వచ్చేసరికి అరచేతులు లేవు, వేళ్ళు మాత్రమే, అవీ కిందికి జారిన చారలు. అన్నిటికన్నా కింద, గడపకూ తలుపుకూ మధ్య సందు దగ్గర, నాలుగు వేళ్ళ కొసలు వరుసగా ఉన్నాయి. ఎవరో ఆ సందులోంచి బయటికి వేళ్ళు పోనివ్వాలని చూశారు.

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. రోడ్డు మీద ట్రాక్టరు పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. అయినా సుహాసిని మెడ వెనక వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తన అరచెయ్యి తీసి ఒక అరచేతి మీద ఆనించింది. అది తన దానికన్నా చిన్నది. ఎడమ చేతుల్లో ప్రతిదానికీ చిటికెన వేలు లోపలికి వంగి ఉంది. మనిషి ఒక్కతే అన్నమాట. తలుపు అవతలి వైపు ఎలాంటి మచ్చా లేని పచ్చదనం ఉంటుందని ఆమెకు తెలుసు, రోజూ చూసేదే. ఇవన్నీ లోపలి వైపే. రెండేళ్ళుగా ఈ చేతులకు వీపు పెట్టి తను పూలు, ముత్యాలు, పేర్లు చెక్కుతోంది. ఎవరి పుట్టినరోజు పాటో గొణుక్కుంటోంది కూడా. 

ఒంటిగంటకు రాఘవేందర్ అన్నానికి వచ్చాడు. ఆమె ఏమీ చెప్పకుండా పిలుచుకొచ్చి తలుపు చూపించింది. ఏందివి అని ఆయన అడగలేదు. ఎవరివి అని కూడా అడగలేదు. ఆయన చూపు పై చేతుల మీద నిలవకుండా నేరుగా కిందికి, గడప దగ్గరి వేళ్ళ మీదికి పోయింది. తర్వాత బకెట్‌లోంచి తడిగుడ్డ పిండుకొచ్చి గబగబా రుద్దాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన గుడ్డ పట్టుకుని ఏదన్నా తుడవడం ఆమె చూడటం అదే మొదలు. ఇందాక ఆమె ఆనించిన చేతి గుర్తు ఒక్క తుడుపుకే పోయింది. మిగతావి పోలేదు. తడికి పొడి ముద్దై గీతల్లోకి ఇంకా దిగి, ఇంకా స్పష్టమయ్యాయి.

"పాత రంగు, గట్లనే పగుల్తది," అన్నాడు గుడ్డ పారేస్తూ. "రేపు చిన్నయ్యను పిలిచి రంగేయిస్త. నువ్వు జర ఇంట్ల ఉండు, ఆయనకు అన్నీ సూపియ్యాలె."

"రేపు గురువారం. నాకు వనపర్తిల క్లాసుంది."

"నేను వద్దంటున్ననా? రేపొక్కరోజు ఆగు అంటున్న. పరేషాన్ జెయ్యకు."

అన్నం సగంలో వదిలి వెళ్ళిపోయాడు. కంచం మాత్రం అక్కడే ఉంది.

అత్త రుక్కమ్మ వసారాలో చింతపండు గింజలు తీస్తోంది. అరవై దాటిన మనిషి, రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆమె మీద సుహాసినికి ఒక్కటే కోపం. ఈగలు రాకుండా, దుమ్ము పడకుండా అర్ర తలుపు వేసుకుని పని చేసుకుంటుంటే, రోజుకు రెండు మూడుసార్లు వచ్చి తలుపు బార్లా తీసి, మళ్ళీ పడకుండా రోకలి అడ్డం పెట్టి పోయేది. క్రీము కరిగిపోతుందన్నా వినేది కాదు. "మూసుకోకు పిల్లా, గాలాడది," అనేది. లోపలికి మాత్రం ఏనాడూ అడుగుపెట్టలేదు. కోడలు లోపల ఏం చేస్తోందో చూసిపోవడానికి ఎత్తు అనుకునేది సుహాసిని. ఆ మాటే అక్కతో ఫోన్‌లో చెప్పుకుని నవ్వింది కూడా. ఇప్పుడు వసారా గుంజకు ఆనుకుని ఆ చేతుల వంక చూసింది. ఎడమ చేతి చిటికెన వేలు లోపలికి వంగి ఉంది.

"అత్తమ్మా, జర లోపటికి వస్తవా?"

రుక్కమ్మ తలెత్తి, కోడలి కనుబొమల మీది బంగారం చూసింది. ఏమనుకుందో, కొంగు దులుపుకుని లేచింది. అర్ర గడప దగ్గర ఆగి, రోకలి అడ్డం పెట్టి, దాన్ని కాలితో ఒకసారి నొక్కి చూసుకుని అప్పుడు లోపలికి వచ్చింది. తలుపు చూసింది. భయపడలేదు. చాలా రోజుల తర్వాత కనిపించిన మనిషిని పోల్చుకున్నట్టు చూసింది. ఎడమ చెయ్యి ఎత్తి పై వరుసలో ఒక చేతి మీద పెట్టింది. వంగిన చిటికెన వేలితో సహా అచ్చుగుద్దినట్టు అతికింది.

"నావే," అంది.

చెయ్యి దింపకుండానే చెప్పసాగింది.

"ఏడు దాంక సదువుకున్న నేను. అంగన్‌వాడి టీచర్‌కు రమ్మని నాగర్‌కర్నూల్ కెల్లి కాయితం వచ్చింది. మీ మామ వద్దనలే. 'మా చెల్లె పెండ్లి ముందర వెట్టుకొని యాడికి వోతవ్, ఇయ్యాల ఒక్కరోజు ఆగు,' అన్నడు. వాళ్ళు పిలిచింది గా ఒక్కరోజుకే. నేను చీర గట్టుకున్న. 'అర్రలకెల్లి రెండు శేర్లు బియ్యం తీస్కరా,' అన్నడు. వొయిన. ఎనకకెల్లి గొళ్ళెం వడ్డది."

"మరి ఈ చేతులు..."

"పెండ్లని ముందటి దినం పొద్దుమీకి తలుపులకు రంగేసిన్రు. రంగు ఇంగ ఎండలే. కొడితే చేతులు అంటుకుంటుండె. పొద్దుగాల ఎనిమిదికి వడ్డ గొళ్ళెం, పగటీలి మూడింటికి తీసిండు. 'బస్సు వొయింది, ఇంగ బువ్వ దిను,' అన్నడు. కొట్టలే, తిట్టలే. ఎవలకన్న ఏమని చెప్పుకోవాలె? పెండ్లిల అందరు చేతులకు గోరింటాకు వెట్టుకుంటే నేను గా రంగు పోనీకి గాసునూనె వెట్టి రుద్దుకున్న. అయినా పోలే."

ఈమె గురించా తను అక్కతో నవ్వుకుంది! సుహాసినికి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుగా ఈ మనిషి ఈ తలుపు ముందు నుంచే వంటింటికీ పెరటికీ తిరుగుతోంది. కోడలు లోపలున్నప్పుడల్లా ఆమె గుండె ఎలా కొట్టుకునేదో! చేసిన మామ పోయి ఆరేళ్ళయింది. గోడ మీద దండ వేసిన ఫోటోలో చల్లగా నవ్వుతుంటాడు. ఊళ్ళో అందరూ ఇప్పటికీ రాములు అంటే మెత్తటి మనిషి అంటారు.

"గంత సేపు కొట్టుకుంటుంటే, ఇంట్ల ఇంగెవలు లేకుండిరా అత్తమ్మా?"

రుక్కమ్మ తలుపు మీది నుంచి చెయ్యి తీసి, చేతికంటిన బంగారాన్ని కొంగుకు తుడుచుకుంది. గడప దాటి బయటికి వెళ్ళాక అంది.

"ఆవలి దిక్కు గూడ చల్లి సూడు."

సుహాసిని రోకలి తీసి, తలుపు దగ్గరికి వేసి, బయట నిలబడి కుంచెకు పొడి అద్దింది. పైన ఏమీ లేదు. భుజాల ఎత్తున ఏమీ లేదు. చెక్క నున్నగా, పచ్చగా ఉంది. ఎందుకో మోకాళ్ళ మీద కూర్చుని నడుము ఎత్తున అద్దింది. అక్కడ తేలాయి. రెండే రెండు చేతులు. వర్ష చేతులంత ఉన్నాయి. లోపలివాటిలా ఇవి జారలేదు, చెదరలేదు. పక్కపక్కనే, వేళ్ళు బాగా విప్పి, కదలకుండా చాలాసేపు నొక్కిపట్టినట్టు రంగులోకి లోతుగా దిగి ఉన్నాయి. రెండింటి నడుమ గుండ్రంగా ఇంకో మచ్చ ఉంది. చెయ్యి కాదది. కుంచె మెల్లగా ఆడించింది. సన్నటి చర్మపు గీతలు, పైన రెండు మూడు వెంట్రుకల జాడ. నుదురు. చిన్న పిల్లవాడి నుదురు.

కుంచె ఆమె చేతిలోంచి జారిపోయింది.

"గొళ్ళెం వదులుగుండె," అంది వెనక నుంచి రుక్కమ్మ. "గట్టిగ దొబ్బితే ఊడొస్తదని, ఆయన చేన్లకు వొయ్యేటప్పుడు వీన్ని నిలవెట్టి వొయిండు. ఏడ్సుకుంటనే వట్టుకున్నడు. 'రాఘవా, తియ్యి బిడ్డా,' అంటే, 'నాయిన తియ్యద్దన్నడు అమ్మా,' అన్నడు. ఎనిమిదేండ్లోడు. నేను లోపటికెల్లి దొబ్బిన కొద్ది వాడు బయటికెల్లి దొబ్బిండు." కింద పడ్డ కుంచె తీసి కోడలికిచ్చి, "వానికి యాదికున్నదో లేదో తెల్వదు. నేనెన్నడు అడగలే," అంది.

ఉందని సుహాసినికి తెలుసు. మధ్యాహ్నం ఆ చూపు నేరుగా ఎక్కడికి పోయిందో ఆమె చూసింది.

గురువారం పొద్దున వర్షను బడికి పంపి, కుంచెలు, డబ్బీలు, ఏప్రన్ సంచిలో సర్దుకుంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. వనపర్తి బస్సు తొమ్మింబావుకు. ఎనిమిదిన్నరకే చిన్నయ్య గరుకు కాగితం, రంగు డబ్బా పట్టుకుని వచ్చాడు. అర్ర గడప మీద రుక్కమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"ఈ తలుపు జోలికి రాకు చిన్నయ్యా," అంది. "రంగెయ్యాల్నంటే నన్ను గూడ కలిపి ఎయ్యి."

చిన్నయ్య ఆమెను చూసి, ఆమె వెనక తలుపు మీద మెరుస్తున్నవి చూసి, గరుకు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేపొస్తానని చెప్పి, రంగు డబ్బా కూడా మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఆ గురువారం ఆడమనిషి ఇంట్లో ఉండి చూపించాల్సిన పనేదీ ఇక మిగల్లేదు. రాఘవేందర్ వసారాలో అటూ ఇటూ తిరిగాడు. సుహాసిని సంచి భుజానికి తగిలించుకోవడం చూసి, వీధి తలుపు దగ్గరికి నడిచి దాన్ని మూశాడు.

"దీనికన్న ఎయ్యాలె గద రంగు," అన్నాడు తలుపుతోనే మాట్లాడుతున్నట్టు. "చూడు ఎట్లయిందో. పోవద్దంటున్ననా నేను? ఇయ్యాల ఒక్కరోజు. నీకేమన్న తక్కువ జేసిన్నా?"

చెక్కను పరీక్షిస్తున్నవాడిలా రెండు అరచేతులూ దానికి ఆనించాడు. వేళ్ళు బాగా విప్పి ఉన్నాయి. తల మెల్లగా ముందుకు వంగి, నుదురు తలుపుకు తగిలింది. తను ఎలా నిలబడ్డాడో ఆయనకు తెలియదు. వెనక నుంచి చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళకు తెలుసు.  ఆ వెడల్పాటి వీపు, చెమట పట్టిన చొక్కా, నెరుస్తున్న జుట్టు, వీటన్నిటి లోపల ఒక పిల్లవాడు ఇంకా ఏడుస్తూ తలుపు పట్టుకునే ఉన్నాడని సుహాసినికి అనిపించింది. జాలేసింది. నిజంగానే వేసింది. దగ్గరికి వెళ్ళి వీపు నిమరాలనిపించింది, పన్నెండేళ్ళుగా అలవాటైన చెయ్యి కదా. ఆ జాలి కోసం ఆగితే బస్సు పోతుంది. ఈ ఇంట్లో ఒక బస్సు అలాగే పోయింది. ఆమె సంచి సర్దుకుని ఆయన వెనకాలకు వెళ్ళి నిలబడింది.

"అప్పుడు నీకు ఎనిమిదేండ్లు," అంది. "గందుకే అత్తమ్మ నిన్ను ఒక్క మాట అనలే."

రాఘవేందర్ తల తిప్పలేదు. తలుపు మీది చేతులూ తీయలేదు.

"ఇప్పుడు నీకు నలభై రెండు. జరుగు."